చేతుల దగ్గర మొదలుపెట్టండి: పాత యూరప్ బొమ్మల్లో పనివాళ్లను చూడటం ఎలా

ఆరు వందల ఏళ్ల కిందటి జర్మన్ వడ్రంగి ఒకాయన చిత్రిక పడుతున్న బొమ్మ మీ ఫోన్‌లో కనిపించిందనుకోండి. "పాతకాలం బొమ్మ, బాగుంది" అనుకుని వేలితో పైకి తోసేస్తాం. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను. పక్కన రాసిన వ్యాసాలేమో రంగుల గురించి, శైలి గురించి, చిత్రకారుడి గురించి బోలెడు చెబుతాయి. ఆ మనిషి ఏం చేస్తున్నాడన్నది మాత్రం "ఒక వడ్రంగి" అని రెండు మాటల్లో తేల్చేస్తాయి. చెక్కని దేంతో బిగించాడు, నొక్కే చెయ్యి ఏది, తోసే చెయ్యి ఏది అని ఎవరూ అడగరు. నాకు అదే బాధ. పని తెలిసిన మనిషిని ఎదురుగా పెట్టుకుని, పని సంగతి తప్ప అన్నీ మాట్లాడుకోవడం.

ఈ బొమ్మలను పని వైపు నుంచి చూడటం ఎవరైనా నేర్చుకోవచ్చు. డిగ్రీలు అక్కర్లేదు. పెద్ద సైజు బొమ్మ, తెల్ల కాగితం, పెన్సిలు, ఒక్కో బొమ్మకి అరగంట ఓపిక ఉంటే చాలు.

సరైన బొమ్మతో మొదలుపెట్టండి

ముందుగా గూగుల్‌లో వచ్చే చిన్న బొమ్మల్ని వదిలేయండి. జూమ్ చేయగానే మసకబారిపోతాయి, పనిముట్టు అంచు కనిపించదు. ఆ బొమ్మ ఏ మ్యూజియంలో, ఏ లైబ్రరీలో ఉందో వాళ్ల వెబ్‌సైట్‌కే వెళ్లండి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి తన దగ్గరున్న, కాపీరైట్ లేని వస్తువుల ఫోటోలను పూర్తి సైజులో ఉచితంగా ఇస్తోంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం కూడా ఇస్తుంది.

మొదటి బొమ్మ కోసం మాత్రం న్యూరెంబర్గ్‌కి వెళ్లమంటాను. 1388లో అక్కడ కొన్రాడ్ మెండెల్ అనే ధనిక వర్తకుడు, ఇక కష్టపడి బతకలేని పన్నెండు మంది ముసలి పనివాళ్ల కోసం ఒక ఆశ్రయం కట్టించాడు. ఒకరు పోతే ఆ చోటులోకి ఇంకొకరు వచ్చేవారు. 1425 ప్రాంతంలో ఆ ఇంటివాళ్లు ఒక పుస్తకం మొదలుపెట్టారు. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. ఆయన బతుకంతా ఏ పని చేశాడో ఆ పని చేస్తున్నట్టుగానే బొమ్మ. వడ్రంగి, సాలె, తీగ లాగేవాడు, తరిమెన పట్టేవాడు (చెక్కని తిప్పుతూ గుండ్రంగా చెక్కేవాడు), ఇలా వందల మంది. తర్వాత మరో దాత కట్టించిన అలాంటి ఇంట్లోనూ ఇదే పద్ధతి సాగింది. ఆ పుస్తకాలు ఇప్పుడు న్యూరెంబర్గ్ నగర గ్రంథాలయంలో ఉన్నాయి, పేజీలన్నీ ఆన్‌లైన్‌లో చూడొచ్చు.

వీటితోనే ఎందుకంటే, వెనక హంగులు ఉండవు. ఒక మనిషి, ఒక పని, నాలుగు పనిముట్లు. కన్ను చెదరదు.

ఎవరి కోసం గీశారో ఒక్క వాక్యంలో రాసుకోండి

కాగితం మీద పైన ఈ వాక్యం రాయాలి: ఈ బొమ్మకి డబ్బు పెట్టింది ఎవరు, ఎందుకు? దీనికి జవాబు తెలియకుండా ముందుకెళ్తే తప్పులో కాలేస్తాం.

మెండెల్ పుస్తకం జ్ఞాపకం కోసం పుట్టింది. ఆ ఇల్లు మొదలైన 1388కీ పుస్తకం మొదలైన 1425కీ మధ్య పోయినవాళ్ల బొమ్మలను తర్వాత వేశారు. అంటే చాలా పేజీల్లో ముఖం ఆ మనిషిదే అని నమ్మడానికి లేదు. పనిముట్లు మాత్రం చిత్రకారుడు తన ఊళ్లో రోజూ చూసినవే. అందుకని నేను ఈ బొమ్మల్లో ముఖాన్ని వదిలి, చేతిలోని వస్తువును నమ్ముతాను.

1568లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చయిన వృత్తుల పుస్తకం దారి వేరు. అది అమ్ముకోవడానికి వేసింది. యోస్ట్ అమ్మాన్ చెక్క అచ్చు బొమ్మలు 114, ఒక్కో బొమ్మ కింద హాన్స్ సాక్స్ పద్యం. క్రైస్తవ మతగురువు పోప్‌తో మొదలై రాజులు, వైద్యులు, కమ్మర్లు, చెప్పులు కుట్టేవాళ్ల దాకా అందరూ వరసగా ఉంటారు. సాక్స్ కవే కాదు, న్యూరెంబర్గ్‌లో చెప్పులు కుట్టి బతికిన మనిషి కూడా. పద్యాల్లో ఆ పనివాడే "నేను ఇవి చేస్తాను" అని తన సరుకు పేర్లు చెబుతాడు. జర్మన్ రాకపోయినా ఆ పద్యానికి అనువాదం వెతికి, అందులో చెప్పిన వస్తువులు బొమ్మలో ఉన్నాయో లేవో టిక్కు పెట్టుకుంటూ చూడండి. ఉన్నవాటికన్నా లేనివే ఎక్కువ నేర్పుతాయి.

చేతులు

ఇదే అసలు మెట్టు. ముఖాన్ని, బట్టల్ని, వెనక గోడని కాగితంతో కప్పేయండి. నిజంగానే కప్పండి, స్క్రీన్ మీద చిన్న చీటీ అంటించినా సరే. చేతులు, పనిముట్టు, పని జరుగుతున్న వస్తువు మాత్రమే మిగలాలి.

ఇప్పుడు నాలుగు ప్రశ్నలు. ఏ చెయ్యి పట్టుకుంది, ఏ చెయ్యి పని చేస్తోంది? వస్తువు కదలకుండా ఆపుతున్నది ఏది: రెండో చెయ్యా, మోకాలా, బల్లకున్న మేకా? పనిముట్టు ఎటు కదులుతుంది? మరుక్షణంలో ఏం జరుగుతుంది? చివరి ప్రశ్నకు జవాబు రాకపోతే లేచి నిలబడి ఆ భంగిమ మీరే పెట్టి చూడండి. చేతిలో గరిటె ఉన్నా ఫర్వాలేదు. నడుం ఎక్కడ వంగుతోందో, బరువు ఏ కాలి మీద పడుతోందో ఒంటికి తెలిసిపోతుంది. సిగ్గుపడకండి, ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనీయండి.

ఇక్కడ ఒక పెద్ద మోసం ఉంది, జాగ్రత్త. అచ్చు బొమ్మల్లో కుడి ఎడమలు తారుమారవుతాయి. కుడిచేత్తో సుత్తి ఎత్తిన కమ్మరిని చెక్క దిమ్మ మీద గీసి, అలాగే చెక్కి, సిరా పూసి కాగితం మీద ఒత్తితే సుత్తి ఎడమ చేతికి వచ్చేస్తుంది. రబ్బరు స్టాంపు సంగతి మనకి తెలిసిందే కదా. రాగిరేకు మీద చెక్కిన బొమ్మలకీ ఇదే జరుగుతుంది. కొందరు ముందే లెక్క చూసుకుని తిరగేసి గీసేవారు, కొందరు పట్టించుకునేవారు కాదు. "బొమ్మలో అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి కాబట్టి చేతులు కూడా సరైనవే" అనుకోవద్దు. అక్షరాలు జనం చదవాలి కాబట్టి వాటిని మాత్రం శ్రద్ధగా తిరగేసి చెక్కేవారు. కాబట్టి అచ్చు బొమ్మలో ఎడమచేతి వాటం మనిషి కనిపిస్తే, ఫోన్‌లో బొమ్మను అద్దంలోలా తిప్పి ఇంకోసారి చూడండి. రెంటిలో ఏది ఒంటికి సులువుగా అనిపిస్తే దాని పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. రంగుల్లో వేసిన చిత్రాలకు, చేత్తో గీసిన మెండెల్ పేజీలకు ఈ గొడవ లేదు.

బలం ఎక్కడి నుంచి వస్తోంది?

కరెంటు లేదు, మోటారు లేదు. మరి ఈ పనికి బలం ఎవరిది? కాలిదా, వీపుదా, నీటిదా, పక్కనున్న కుర్రాడిదా? వేలు పెట్టి వెనక్కి వెతుక్కుంటూ వెళ్లండి.

మెండెల్ పుస్తకంలో తరిమెన పట్టే ఆయన బొమ్మ ఉంది. నేను దాన్ని ఎన్నోసార్లు చూశాను, పైన వేలాడే పొడుగు కర్ర ఎందుకో మాత్రం బుర్రకెక్కలేదు. చివరికి ప్రింటు తీసి మా వీధి చివర ఉండే వడ్రంగి బాబాయ్‌కి చూపించాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, బొమ్మను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశారు.

"ఇది తరిమెనే అమ్మా. మా నాన్న మంచం కోళ్లు తరిమెన పడుతుంటే నేను తాడు లాగేవాణ్ణి. ఇటో లాగు, అటో లాగు. చేతులు బొబ్బలెక్కేవి. ఇందులో లాగే పిల్లాడు లేడేమిటా అని చూస్తున్నా."

కాసేపు ఆగి, బొమ్మలోని తాడు మీద వేలు పెట్టి కిందకి జరిపారు. తాడు పైనున్న కర్ర కొసకి కట్టి ఉంది, మధ్యలో చెక్కకి ఒక చుట్టు చుట్టి ఉంది, కింద కాలితో తొక్కే పలకకి చేరింది.

"ఓహో. ఆ కర్రే పిల్లాడమ్మా! కాలితో తొక్కితే చెక్క ఇటు తిరుగుతుంది, పైకర్ర వంగుతుంది. కాలు ఎత్తేస్తే కర్ర లేచి తాడుని వెనక్కి లాక్కుంటుంది. తొక్కినప్పుడే ఉలి ఆనించాలి. వెనక్కి తిరిగేటప్పుడు ఉలి కొంచెం తియ్యాలి, లేకపోతే చెక్క పాడవుతుంది."

నాకు రాని జవాబు ఆయనకి రెండు నిమిషాల్లో దొరికింది. ఆ తర్వాత ఆ బొమ్మ నాకు కదలడం మొదలుపెట్టింది. ఒక కాలు నేల మీద గట్టిగా ఆని ఉండాలి, రెండో కాలు రోజంతా తొక్కుతూనే ఉండాలి. ముసలితనంలో ఆ మనిషికి ముందుగా ఏది అరిగిపోయి ఉంటుందో ఊహించుకోవచ్చు.

అందుకే ఈ మెట్టులో నా సలహా ఒకటే. అర్థం కాని బొమ్మని ప్రింటు తీసి, ఆ పని చేసే మనిషి దగ్గరికి తీసుకెళ్లండి. ముందే "ఇది ఫలానా దేశం, ఫలానా శతాబ్దం" అని చెప్పొద్దు. "ఈయన ఏం చేస్తున్నాడు?" అని మాత్రం అడిగి నోరు మూసుకోండి. ఆయన చెప్పింది వెంటనే రాసుకోండి, ఆయన వాడిన మాటలతోనే. దాగలి, పటకారు, కొలిమి తిత్తి, ఆకురాయి, బాడిసె, నాడె లాంటి మాటలు మన దగ్గర ఇంకా బతికే ఉన్నాయి. తీగ లాగే పలకకి మన కంసాలులకి "కమ్మచ్చు" అనే మాట ఉంది. మెండెల్ పుస్తకంలో తీగ లాగే మనిషి ఉయ్యాల లాంటి పీట మీద కూర్చుని, తన ఒంటి బరువుతోనే తీగను కమ్మచ్చులోంచి లాగుతుంటాడు. ఇంగ్లీషులో పేరు వెతకడానికి పది నిమిషాలు పట్టేది, కమ్మచ్చు అనే మాట తెలిస్తే ఆ బొమ్మ ఒక్క చూపులో అర్థమవుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి. మన పనివాడు చెప్పేది మన పద్ధతి. అక్కడ అదే పనికి వేరే ఉపాయం ఉండొచ్చు, తాడు లాగే పిల్లాడికి బదులు వంగే కర్ర ఉన్నట్టు. ఆ తేడా దగ్గర ఆగి చూడటమే అసలు రుచి.

నీటి బలం ఉన్న బొమ్మలు వేరే. ఇంగ్లీషు చిత్రకారుడు జోసెఫ్ రైట్ 1772లో వేసిన ఇనుప కొలిమి చిత్రంలో యజమాని చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. సమ్మెట ఎత్తేది నీటి చక్రం. ఆ కట్టుకున్న చేతులే అక్కడ చూడాల్సింది.

ముందు, ఇప్పుడు, తర్వాత

కాగితాన్ని మూడు గళ్లుగా గీయండి. బొమ్మలో కనిపించే ప్రతి వస్తువునీ ఏదో ఒక గడిలో వేయండి: ముడిసరుకు, పని మధ్యలో ఉన్నది, పూర్తయినది.

దీనికి అమ్మాన్ గీసిన కాగితం తయారీ బొమ్మ కన్నా మంచిది దొరకదు. ఎదురుగా తొట్టి. మనిషి తొట్టి మీదకి వంగి, రెండు చేతులా జల్లెడ లాంటి చట్రం పట్టుకుని గుజ్జు తోడుతున్నాడు. ఒక కుర్రాడు కాగితాల దొంతర మోసుకెళ్తున్నాడు. వెనక మర తిప్పి బిగించే ప్రెస్సు. ఇంకా వెనక నీటి చక్రాలు, గుడ్డపేలికలను దంచే రోకళ్లు. అప్పట్లో అక్కడ కాగితం పాత నార గుడ్డల నుంచే వచ్చేది. గళ్లలో వేస్తే పేలికలు, రోకళ్లు మొదటి గడిలోకి, తొట్టి, చట్రం, ప్రెస్సు రెండో గడిలోకి, కుర్రాడి చేతిలోని దొంతర మూడో గడిలోకి పోతాయి. అరచేయంత బొమ్మలో ఒక మిల్లు మొత్తం పట్టింది. ఇప్పుడు గళ్లలో ఖాళీ ఎక్కడుందో చూడండి: తడి కాగితాన్ని ఆరేసే చోటు లేదు. అది లేకుండా కాగితం లేదు కదా, మరి ఎక్కడ ఆరేసేవారు? అలాంటి ప్రశ్న పుట్టిందంటే మీరు బొమ్మను సరిగ్గా చూస్తున్నారని లెక్క.

అదే పుస్తకంలో అచ్చుపని బొమ్మ కూడా చూడండి. ఒకడు సిరా మెత్తలతో అక్షరాల మీద సిరా అద్దుతున్నాడు, పక్కవాడు అచ్చయిన కాగితం తీస్తున్నాడు, వెనక ఇద్దరు అక్షరాలు కూరుస్తున్నారు. ఆ బొమ్మ ఉన్న పుస్తకం అలాగే అచ్చయింది.

గది, కిటికీ, వచ్చిపోయే జనం

ఇప్పుడు చీటీలు తీసేసి చుట్టూ చూడొచ్చు. దీనికి రెండు చిత్రాలు చాలు, రెండూ మెట్రోపాలిటన్ మ్యూజియంవే.

మొదటిది బ్రూజ్ నగరంలో పెట్రుస్ క్రిస్టుస్ 1449లో వేసిన కంసాలి కొట్టు. కొట్టులో ఒక జంట నిలబడి ఉంది. కంసాలి చిన్న త్రాసులో ఉంగరం తూస్తున్నాడు. పెళ్లి నాటి నడికట్టు ఒకటి బల్ల అంచు మీద నుంచి జారి ఉంది, పక్కన నాణేలు, తూకపు రాళ్ల పెట్టె. వెనక అరల్లో పగడం, స్ఫటికం, ముత్యాలు, వాటితో చేసిన ఉంగరాలు, బ్రోచీలు. మన మూడు గళ్లూ ఇక్కడ అరల్లోనే ఉన్నాయి. బల్ల మీద ఉబ్బెత్తు అద్దంలో బయటి వీధి, అక్కడ నిలబడ్డ ఇద్దరు మనుషులు, వాళ్లలో ఒకరి చేతి మీద డేగ కనిపిస్తాయి. అంటే కొట్టు వీధిలోకే తెరిచి ఉంది, మనం బయట నిలబడి లోపలికి చూస్తున్నాం.

చాలాకాలం ఈ కంసాలిని సెయింట్ ఎలీజియస్ అని పిలిచారు, ఎలీజియస్ అక్కడి కంసాలులకి రక్షకుడైన మహాత్ముడు. తల చుట్టూ కాంతి వలయం కూడా ఉండేది. ఆ వలయాన్ని తర్వాతి కాలంలో ఎవరో అతికించారని తేలాక తీసేశారు. ఇందుకే చేతుల దగ్గర మొదలుపెట్టమంటున్నాను. తల మీద వలయం వచ్చింది, పోయింది. త్రాసు మాత్రం ఎక్కడికీ కదల్లేదు. ఇంకొకటి గమనించండి, ఈ చిత్రంలో కొలిమి లేదు, సుత్తి లేదు. ఇది బంగారం అమ్మే చోటు. నగ చేసే చోటు చూడాలంటే ఎతియెన్ దెలోన్ 1576లో రాగిరేకు మీద చెక్కిన కంసాలి దుకాణాలకి వెళ్లాలి. అక్కడ కిటికీ వెలుతురు పక్కనే బల్ల, గోడ నిండా పనిముట్లు.

రెండోది మెరోడ్ చిత్రం, రాబర్ట్ కాంపిన్ పనిశాలలో 1427-32 ప్రాంతంలో వేసింది. మూడు పలకల బలిపీఠ చిత్రం అది, కుడి పలకలో మేరీమాత భర్త, వడ్రంగి జోసెఫ్ ఒక చెక్కకి బర్మాతో వరసగా రంధ్రాలు వేస్తుంటాడు. బల్ల మీద సుత్తి, పటకారు, మేకులు, కింద రంపం, గొడ్డలి. బల్ల మీద ఒక ఎలుకబోను, కిటికీ బయటికి తెరిచిన పలక మీద ఇంకొకటి. కిటికీ తలుపునే అరుగులా దించి సరుకు అమ్మకానికి పెట్టాడన్నమాట. సిలువ అనేది సైతానుకి పెట్టిన ఎలుకబోను అని సెయింట్ అగస్టీన్ చెప్పిన మాటకి ఇది గుర్తు అని పండితులు రాశారు. అది నిజమే కావచ్చు. కానీ జోసెఫ్ రంధ్రాలు వేస్తున్న ఆ చెక్క ఏమిటన్నది మాత్రం వాళ్ల మధ్య తేలలేదు. కాళ్లు వెచ్చబెట్టుకునే పెట్టె మూత అని కొందరు, చేపల ఎర పెట్టె అని కొందరు. మీ ఊరి వడ్రంగికి చూపించడానికి ఇంతకన్నా మంచి చిత్రం లేదు.

మరీ శుభ్రంగా ఉంటే అనుమానించండి

ఫ్రెంచి రచయిత దిదెరో సంపాదకత్వంలో వచ్చిన విజ్ఞాన సర్వస్వం ఎన్‌సైక్లోపీడీకి 17 సంపుటాల వ్యాసాలు, 11 సంపుటాల బొమ్మలు. బొమ్మలు 1762 నుంచి 1772 వరకు వెలువడ్డాయి. దిదెరో లాంగ్ర్ ఊళ్లో కత్తులు చేసే ఉస్తాదు కొడుకు, వృత్తిపనుల మీద ఆయనకున్న గౌరవం ఉత్తుత్తిది కాదు. ఆ బొమ్మల్లో పైన పనిశాల, కింద పనిముట్లు విడివిడిగా, అక్షరాలతో నంబర్లతో ఉంటాయి. నేర్చుకోవడానికి అద్భుతం. గుండుసూది వ్యాసమైతే ఆ పనిని 18 పనులుగా విడగొట్టింది.

కానీ ఆ గదులు చూడండి. నేల మీద పొట్టు లేదు, గోడకి మసి లేదు, ఎవరి చొక్కా తడవలేదు. అది పనిని వివరించడానికి ఊడ్చి పెట్టిన గది. పైగా కొన్ని బొమ్మలు పనిశాలకి వెళ్లి గీసినవి కావనీ, శాస్త్రవేత్త రెయమ్యూర్ అంతకుముందే సైన్స్ అకాడమీ కోసం తయారు చేయించిన వాటి నుంచి తీసుకున్నవనీ 1759లో పెద్ద గొడవ లేచింది. కాబట్టి పనిముట్టు కొలతలకి, వరస క్రమానికి వీటిని వాడుకోండి. ఆ పని చేసినప్పుడు చెమట ఎంత, పొగ ఎంత అన్నదానికి వీటిని అడగొద్దు.

స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ 1655-60 ప్రాంతంలో వేసిన నూలు వడికే ఆడవాళ్ల చిత్రాన్ని మాత్రం మొదట్లోనే చూడకండి. అది మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. వెనక గదిలో వెలుతురు, పట్టు బట్టల ఆడవాళ్లు, పురాణ కథ, వీటన్నిటి మీదకి కన్ను పోయి తప్పిపోతాం. పది ఇరవై బొమ్మలు చేతులు తప్ప మిగతాదంతా కప్పి, విప్పి చూశాక దాని దగ్గరికి వెళ్లండి. ఎడమ పక్క ముసలామె కూర్చుని ఉంటుంది. కుడి పక్క మనకి వీపు పెట్టి కూర్చున్న అమ్మాయి నూలు చుడుతుంటుంది, చెయ్యి ముందుకి సాగి ఉంటుంది. అప్పుడు ముసలామె ముందున్న రాట్నం చక్రంలో ఆకుల కోసం వెతకండి. ఒక్కటీ కనిపించదు, ఉన్నదల్లా సన్నటి మెరుపు గీతలు. చక్రం అంత వేగంగా తిరుగుతోంది.